మంచాల తొవ్వలో దిగని మూట

పట్నంలో ఒక సభలో వకీలు గారొకరు లేచి, వెట్టి రద్దయి ఏళ్లయింది, కావాలంటే సర్కారు ఇచ్చిన ఫర్మానా చదువుకోండి అన్నారు. సభంతా చప్పట్లు. ఆ చప్పట్లు భరించలేకే ఈ నడక మొదలుపెట్టాను: పట్నం నుంచి రాచకొండ గుట్టల మీదుగా దేవరకొండ దాకా. ఊళ్లు చూడకుండా ఊళ్ల గురించి మాట్లాడేవాళ్లతో నోటితో వాదించి లాభం లేదు, కాళ్లతోనే వాదించాలి. ఇది రెండో రోజు సంగతి.

మొదటి రాత్రి ఇబ్రహీంపట్నం ముసాఫిర్‌ఖానాలో పడుకున్నాను. తెల్లవారి బజారులో ఖాసిం భాయి హోటల్లో రెండణాలకు రొట్టె, చాయ్ దొరికాయి. మంచాల అనే ఊరికి దారి అడిగితే, "బండ్ల జాడ ఇడువకు అన్నా. ఎండ ముదిరితే తొవ్వ పొడుగైతది" అన్నాడు. నిజమే. చెరువు దాటాక నీడ లేదు, రెండు పక్కలా జొన్నచేలు, ఎర్రమట్టి. చెంబునిండా నీళ్లు లేకుండా ఎవరూ బయలుదేరవద్దు.

గంట నడిచాక ముందు ఒక మనిషి కనిపించాడు. నెత్తిన ఇనప్పెట్టె, దాని మీద పరుపుచుట్ట, చుట్టకు కట్టిన రెండు కోళ్లు. వెనక బిళ్ల పట్టీ వేసుకున్న జవాను, చేతులూపుకుంటూ. ఆ సామాను ఒక అధికారిదట, ఆయన గుర్రం మీద ముందే వెళ్లిపోయాడట.

"ఏం సాబ్, నడుసుకుంట పోతున్నవ్? మోటరుకు పైసల్లేవా?" అన్నాడు జవాను.

"పైసలున్నయి. కాళ్లు కూడా ఉన్నయి. నీకు చేతులున్నట్టే" అన్నాను. మోసేవాడు నవ్వబోయి ఆపుకున్నాడు.

అతన్ని నర్సయ్య అందాం. అసలు పేరూ, ఊరూ రాయను. రాస్తే ఆ ఊరి పటేలు రేపే అతని గుడిసె ముందు నిలబడతాడు. నర్సయ్య నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తున్నాడు. ఎందుకని అడిగాను.

"బిడ్డకు మూడొద్దుల సంది జెరం, అయ్యా. ఇయ్యాల కండ్లు తెరుస్తలేదు. ఇబ్రహీంపట్నం దవాఖానకు పట్కపోదామని ఎత్తుకున్న. గప్పుడే పటేల్ మనిషొచ్చి పిలిచిండు. వంతు మా ఇంటిది."

చదువరులకు ఈ వంతు సంగతి చెప్పాలి. అధికారి సామాను ఒక ఊరి వెట్టివాడు తన ఊరి పొలిమేర దాకా మోస్తాడు. అక్కడ అవతలి ఊరివాడు నెత్తికెత్తుకుంటాడు. అవతలివాడు రాకపోతే ఇవతలివాడికి విడుదల లేదు. కూలి ఊసే లేదు.

"గా పొలిమేర రాయి కాడ దించుడే. దించి ఉరుకుత" అన్నాడు నర్సయ్య. రాయి చేరాం. ఎవరూ లేరు. మేకలు తోలుకుపోతున్న అవతలి ఊరి ముసలమ్మను అడిగితే, "మావోళ్లా? అందరు దొర జొన్న కోతకు పోయిన్రు బిడ్డా. అది మాత్రం వెట్టి కాదా?" అంది.

ఒక వెట్టి ఇంకో వెట్టిని మింగింది. నర్సయ్య రాయి పక్కన నిలబడే ఉన్నాడు. మూట దించలేదు.

నేను జవానుతో గట్టిగానే వాదించాను. ఫర్మానా గుర్తుచేశాను. వాడు బీడీ ముట్టించి, "ఫర్మానా పట్నంల ఉన్నది సాబ్. పెట్టె గీడున్నది. నువ్వు మోస్తవా?" అన్నాడు.

"మోస్తాను" అని పెట్టె మీద చెయ్యి వేశాను. నర్సయ్య చప్పున వెనక్కి జరిగాడు.

"వద్దు బాంచెన్! నువ్వు రేపు పోతవ్. నేను గీడనే బతకాలె." జవానుకు వినపడకుండా మెల్లగా అన్నాడు: "గింత మొయ్యాలనుంటే నా బిడ్డను మొయ్యి. నా పెండ్లాం బాలింత, నడవలేదు. నువ్వు చదువుకున్నోనివి, దవాఖానల నీ మాట ఇంటరు."

గుడిసె గుర్తు అడిగి నేను వెనక్కి తిరిగాను. అతను మూటతోనే మంచాల వైపు సాగాడు.

గుడిసెలో బాలింత నన్ను చూసి భయపడింది. నర్సయ్య పంపాడని చెప్పాను. "మరి ఆయనేడి?" అంది. పెట్టె ఇంకా దిగలేదని చెప్పాను. పిల్లను అతని తువ్వాలలో చుట్టి నా భుజాన వేసింది. నాలుగేళ్ల పిల్ల, వేడికి నా మెడ కాలింది. ఇబ్రహీంపట్నం దవాఖాన దాకా పరుగులాంటి నడక. డాక్టరు సాబు భోజనం వదిలి లేచివచ్చాడు, సూది వేశాడు, చెయ్యి పట్టుకు కూర్చున్నాడు. చివరికి ఆ చెయ్యి పిల్ల గుండెల మీద పెట్టి, "పొద్దున తెచ్చి ఉంటే" అన్నాడు.

అదే తువ్వాలలో పిల్లను తిరిగి మోసుకొచ్చాను.

పొద్దు గూకే వేళ నర్సయ్య వచ్చాడు. పెట్టె మంచాల చావడిలో దించాడట. పిల్ల పక్కన కూర్చుని నన్ను అడిగాడు: "ఏమన్న అన్నదా అయ్యా?"

"ఒక్కసారి కండ్లు తెరిచింది. బాపు ఏడీ అంది."

"ఈడనే ఉన్న అని చెప్పకపోతివా" అన్నాడు. అది నన్ను తిట్టడం కాదు. తిట్టినా బాగుండేది.

వకీలు గారూ, ఫర్మానా నేనూ చదివాను. అందులో పొలిమేర రాయి లేదు, దొర జొన్నచేను లేదు, తండ్రి చేతుల్లోంచి పిల్లను దింపించిన పిలుపు లేదు. రద్దు చేసినవాళ్లు దాన్ని కాగితం మీద రద్దు చేశారు, అనుభవించేవాళ్ల నెత్తి మీద అది అలాగే ఉంది. మీ చప్పట్ల చప్పుడు ఆ గుడిసె దాకా రాలేదు. వచ్చినా అక్కడెవరికి కావాలి? దేవరకొండ చేరతానో లేదో ఇంకా తెలియదు. మర్నాడు నీళ్ల కుండ పట్టుకుని నర్సయ్య వెంట పిల్లను పూడ్చే చోటు దాకా నడిచాను, అంతే.

ఈ దారిన నడవదలచినవారికి ఒక్క మాట. మీరు మోయగలిగినంత సామానే తెచ్చుకోండి. బరువైతే దారిలో పారేయండి గాని, ఏ ఊళ్లోనూ పటేలును మనిషి కావాలని అడగవద్దు. అడిగితే తప్పకుండా పంపుతాడు. ఆ మనిషి చేతుల్లో అప్పుడు ఏముందో మాత్రం చూడడు.