ఆనందబాబు ఎవరిని వేశాడు?

ఆనందబాబు టీవీలో కనిపిస్తే మేమంతా నవ్వేవాళ్ళం. నవ్వుతూనే పక్కవాడి మొహం చూసేవాళ్ళం. ఈసారి మాలో ఎవరి వేషం వేశాడో తేల్చుకోవాలి కదా!

బాపట్ల వైపు మనిషి. అక్కడ క్రిస్మస్ నాటకంలో పసిపిల్లల్ని చంపించే హేరోదు రాజు వేషం కట్టి, భయపెట్టాల్సిన చోట జనాన్ని నవ్వించాడట. అమెరికాలో, షికాగో పక్కనున్న మా అరోరాలో ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. 1979లో ఊరి కేబుల్ చానల్ మనవాళ్ళకి శనివారం ఓ అరగంట ఇచ్చింది. అందులో ఇతగాడు వారానికో మనిషిగా మారిపోయేవాడు. విందులో మిగిలిన బిర్యానీ మూటగట్టుకునే సుందరమ్మ, వాన పడితే కారు బయటికి తీయని కనకరాజు. ఆ కనకరాజు నేనేనని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా తెలుగు చర్చిలో సోమవారం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉండేది. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటే అందరూ ప్రార్థిస్తారు. ఆ మాట గుమ్మం దాటకూడదు. ఆనందబాబు భార్య నవోమి అవన్నీ మొగుడికి మోస్తోందని గుసగుసలు బయల్దేరాయి. ఇక ఆమె వచ్చి కూర్చుంటే చాలు, అందరి బాధలూ హఠాత్తుగా తీరిపోయేవి. "అంతా బానే ఉంది, ప్రైజ్ ద లార్డ్" అని ఊరుకునేవాళ్ళు. పాపం, ఈ దేశంలో నవోమికి ఆ కూడికే పుట్టిల్లు.

1984లో షికాగోలోని ఓ పెద్ద చానల్‌వాళ్ళు, ఫలానా శనివారం ప్రోగ్రాం చూసి నచ్చితే ఆనందబాబుని తీసుకుంటామన్నారు. అతను ప్రాణం పెట్టి కొత్త వేషం తయారు చేశాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ టై కట్టుకుని వెళ్ళి మాల్‌లో కూర్చునే పరంధామయ్య. కెమెరా పట్టింది నేనే. నవ్వు ఆపుకోలేక చాలాచోట్ల కదిపేశాను.

ఆ శనివారానికి ముందు సోమవారమే, కూడిక నడిపే ప్రేమజ్యోతి నవోమికి పరీక్ష పెట్టింది. పక్కకి పిలిచి, "మా ఆయన జాబ్ పోయిందమ్మా. ఎవరికీ తెలీదు. ప్రే చెయ్యి" అంది. నిజానికి వాళ్ళాయన అబ్రహాంకి అప్పుడే ప్రమోషన్ వచ్చింది.

శనివారం ప్రేమజ్యోతి మమ్మల్నందరినీ తన ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. తీరా చూస్తే పాత సుందరమ్మే వచ్చింది. పరంధామయ్య జాడ లేదు. నేను తీసిన టేప్ ఏమైనట్టు? అంతలో బెల్ మోగింది. గుమ్మంలో నవోమి, వెనక కోడికూర గిన్నెతో ఆనందబాబు.

"అంటే మా సంగతి మీ ఆయనకి చెప్పేశావన్నమాట!" అంది ప్రేమజ్యోతి, దొంగ దొరికినంత సంబరంగా.

"చెప్పింది వదినా," అన్నాడు ఆనందబాబు. "ఎవరింట్లో ఏం బాధుందో తెలీకపోతే, ఎవర్ని వెయ్యకూడదో నాకెలా తెలుస్తుంది? అన్నయ్య చూస్తే నొచ్చుకుంటాడని ఆ టేప్ ఆపించేశా."

షికాగోవాళ్ళు చూసింది ఆ పాత సుందరమ్మనే. మళ్ళీ ఫోన్ చేయలేదు.

అబ్రహాం మేడ మీంచి దిగుతూ, "జాబ్ పోయిందా? ఎవరికి?" అన్నాడు.

నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది. నవోమి మాత్రం ప్రేమజ్యోతి వైపే చూస్తూ నిలబడింది.

"సోమవారం నుంచీ ఉపవాసం ఉన్నానక్కా," అంది. "దేవుడికి ఇప్పుడేం చెప్పమంటారు?"