చూడకుండా చెప్పిన అంకె

టీకాల ఫ్రిజ్ తలుపు తీయగానే చల్లని గాలి ముఖానికి కొడుతుంది. లోపల వేలాడే గాజు గొట్టంలో సన్నని ఎర్ర గీత. అది ఎక్కడుందో చూసి, తలుపుకు అంటించిన కాగితంలో ఆ పూట గడిలో అంకె వేయడం నా పని. బళ్ళారిలో ఈ పిల్లల క్లినిక్‌లో ఆయాగా చేరి నాలుగేళ్ళయింది. రోజుకు రెండుసార్లు ఆ గీతను చూస్తాను. రెండుసార్లూ టీచరమ్మ కుడిచేతి చూపుడువేలు గుర్తొస్తుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా తల దించుకుంటాను.

టీచరమ్మ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. నేను మా పల్లె కప్పగల్లు నుంచి పొద్దుటి బస్సుకు బళ్ళారి వచ్చి ఆమె ఇంట్లో పని చేసేదాన్ని. అప్పటికే నాకు నలభై దాటాయి, ఎక్కడికి పోయినా వేలిముద్రే. ఆమె ముందుగదిలో పెద్ద గాజుతొట్టి ఉండేది, అందులో ఆరు బంగారు చేపలు. నీళ్ళ వేడి తెలియడానికి తొట్టి లోపలి గోడకు ఒక గాజు థర్మామీటరు అంటించి ఉండేది. కళ్ళలో పొరలు వచ్చి చూపు మసకబారాక, ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాని మీది అంకెలు నేర్పింది. నేను నేర్చిన మొదటి చదువు అదే. రోజూ పొద్దున అడిగేది, "ఎంత ఉండాది సుంకమ్మా?" "ఇరవై ఏడమ్మా." "ఇంక నా కండ్లు నీ దగ్గరనే ఉండాయి చూడు." ముప్పై దాటితే, గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి తొట్టిలో తేలేయమనేది. చేపలకు జ్వరం చూసేది నేనేనని బస్సులో ఆడవాళ్ళకు అడగకపోయినా చెప్పేదాన్ని. "చేపలకూ జరమొస్తాదా ఏంది!" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కూడా నాకు గొప్పగానే ఉండేది.

ఒక ఎండాకాలం సోమవారం, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, తొట్టిలో తగ్గిన నీళ్ళు పోస్తుంటే ఇత్తడి చెంబు థర్మామీటరుకు తగిలింది. చిన్న చప్పుడు, అంతే. ఎర్రటి దారం ఒకటి నీళ్ళలో సాగి కరిగిపోయింది. చేతికందిన ముక్కలు తీసి వాకిట్లో క్రోటన్ కుండీ మట్టిలో పూడ్చేశాను. మిగిలినవి అడుగున రంగురాళ్ళలో కలిసిపోయాయి. ఆమె తిట్టే మనిషి కాదు. కొత్తది కొనాలే అని ఏడ్చే మనిషీ కాదు. నా భయమల్లా, అంకె చూసే పని నాకు ఇక ఇవ్వదేమోనని. తల తుడుచుకుంటూ వచ్చి, "ఎంత ఉండాది?" అంది. ఖాళీ గోడ వైపు చూస్తూ "ఇరవై ఎనిమిదమ్మా" అన్నాను.

ఆ తర్వాత రెండు రోజులూ అలాగే చెప్పాను. ఎండ మండిపోతోంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సీసా వేద్దామని చెయ్యి పోయేది. ఇరవై ఎనిమిదికే సీసా ఎందుకని అడుగుతుందేమోనని వెనక్కి తీసుకునేదాన్ని. గురువారం నేను గుమ్మం దగ్గర గుడ్డ పిండుతుంటే, "చేప ఒకటి అడుక్కు పోయినట్లుందే" అంటూ ఆమె చీర కొంగు దోపుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి మోచేతి దాకా దిగడం నేను చూశాను. వద్దని అరవడానికి సమయం ఉంది. అరవలేదు.

"అబ్బా" అని చెయ్యి తీసింది. చూపుడువేలి కొసన గాజు దిగి ఉంది.

"ఎప్పుడు పగిలింది?"

"సోమారం."

"మరి ఈ దినాలంతా నువ్వు చెప్పిండేది?"

ఆమె వేలు అదిమి పట్టుకుని, గొంతు పెంచకుండానే అంది: "తప్పు చదివింటే మళ్ళా నేర్పిస్తాంటి. నువ్వు చూడకనే చెప్పినావు కదే."

తర్వాత ఒక్కొక్క పనీ చెప్పి చేయించింది. చేపల్ని వేరే నీళ్ళున్న బకెట్లోకి మార్చాను. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని రాళ్ళన్నీ తీసి, పెరట్లో తెల్ల దుప్పటి మీద ఎండకు పరిచాను. మెరిసినదల్లా ఏరాను. కుండీలోవీ తవ్వి తెచ్చాను. కాగితం మీద ముక్కకు ముక్క ఆనించి గొట్టం పేర్చమంది. "అది నిండితేనే నీళ్ళల్లో ఏమీ లేనట్ల." సాయంత్రానికి అంతా కుదిరింది, మధ్యలో గోరంత సందు తప్ప. ఆమె లోపలికి పోయి, తన వేల్లోంచి తీసి దూదిలో చుట్టి పెట్టిన ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. అడుక్కు పోయిన చేప మాత్రం బతకలేదు.

వారానికి కొత్త థర్మామీటరు వచ్చింది. నేను చీపురు పట్టుకుని దూరంగా నిలబడ్డాను. "యాడ చూస్తాండావు? ఎంత ఉండాదో చెప్పు" అంది. రెండుసార్లు చూసి చెప్పాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమె అంకెలు తానే చూసుకోగలిగేది, అయినా నన్నే అడిగేది. పలక తెచ్చి అక్షరాలూ మొదలుపెట్టింది. నా చెయ్యి పట్టుకుని దిద్దించేది. ఆ వేలి కొసకు స్పర్శ పోయింది, ఎంత నొక్కుతోందో ఆమెకు తెలిసేది కాదు. "నొప్పి పెడితే చెప్పవే" అనేది. నొప్పి పెట్టేది. నేను చెప్పేదాన్ని కాదు.

ఆమె పోయి రెండేళ్ళు. మొన్న బస్సు ఆలస్యమై పొద్దుటి పూట ఫ్రిజ్ చూడలేకపోయాను. "నిన్నటిదే రాసేయక్కా, పరవాగిల్ల, ఏం కాదు" అంది నర్సు. పెన్ను తీసుకున్నాను. చేతి మీద ఎక్కడో గట్టిగా నొక్కినట్టయింది. గడిలో 'చూడలేదు' అని రాశాను. గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి. సగం పక్క గడిలోకి పోయాయి.