నాగసుబ్బయ్య కారులో నాపరాయి

నాగసుబ్బయ్య గుడి రాయి ఎత్తుకొచ్చి కారులో పెట్టుకున్నాడని ఆత్మకూరులో చెప్పుకుంటున్నారే, అది శుద్ధ అబద్ధం. అది బనగానపల్లె బండల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టగా మిగిలిన నాపరాయి ముక్క. మన ఇళ్లలో నేలకు పరుచుకునేదే. దాని మీద ఆయన నిలబెట్టింది సెల్‌ఫోను, అంతే.

ఎందుకు చేసుకున్నాడో కూడా వినండి. బాడుగ కారు తోలే మనిషికి దారి చూపించే ఫోను కళ్లెదుట ఉండాలి కదా. అంగట్లో కొన్న ప్లాస్టిక్ స్టాండు మన ఎండలకు నిలుస్తుందా? మొన్న ఎండాకాలం దోర్నాల ఘాట్‌లో మలుపు తిరుగుతుంటే దాని రబ్బరు ఊడి, ఫోను పోయి బ్రేకు కింద ఇరుక్కుంది. తొక్కితే బ్రేకు దిగదు. వెనక సీట్లో పసిబిడ్డతో ఒక కుటుంబం ఉంది. కారును కొండవైపు రాసుకుంటూ పోయి ఎట్లాగో ఆపాడు. ఊరు చేరగానే నాపరాయి ముక్కకు గ్రైండరుతో గాడి కొట్టించాడు. గాడిలో సైకిల్ ట్యూబు అతికించి, డ్యాష్‌బోర్డుకు బోల్టులతో బిగించాడు. ఇక ఎంత గుంతల రోడ్డయినా ఫోను కదిలితే ఒట్టు.

కొత్త పనిముట్టుకు పసుపు పూసి బొట్టు పెట్టడం మనకు అలవాటే. ఆయన భార్య జీవమ్మ కూడా పెట్టింది. కొంప ముంచింది అదే.

బట్టలంగడి సుబ్బరత్నమ్మ మహానందికి పోను ఆ కారెక్కింది. నల్లరాయి, పసుపు, బొట్టు చూసి నాగప్ప రాయి, అంటే గుళ్లో పూజించే నాగదేవత శిల అనుకుంది. దారి పొడవునా నోరు విప్పి అడగలేదు. తిరిగొచ్చాక మాత్రం ఇల్లిల్లూ చెప్పింది.

"గుళ్లో రాయి ఎత్తకొచ్చి, దేవుని నెత్తిన ఫోను పెట్టినాడు. వాని కారెక్కితే ఆ పాపం మనకూ తగులుతాది."

ఆ తర్వాత క్షేత్రాలకు పోయేవాళ్లు ఒక్కరూ ఆయన్ను పిలవలేదు. కార్ల స్టాండులో పక్క కార్లన్నీ బాడుగలకు పోతుంటే, ఈయన తుడిచిన అద్దమే తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆ రాయి పీకి పారేయగూడదా?" అంది జీవమ్మ.

"పీకితే దొంగనని ఒప్పుకున్నట్ల గాదా? మళ్లా ఫోను బ్రేకు కింద పడితే ఎవురు జవాబు చెప్తారు?"

అయినా బోల్టులు విప్పాడు. పారేయడానికి కాదు. రాయి చంకన పెట్టుకుని నేరుగా బట్టలంగడికి పోయి, గడప ముందు మెట్టు మీద పెట్టాడు. రెండూ ఒకే నలుపు.

"చూడమ్మా, ఇదీ మీ మెట్టూ ఒకటే రాయి. మీరు దినామూ చెప్పులేసుకోని తొక్కుతాండేది నాగప్పనేనా?"

"మరి బొట్టెందుకుండాదప్పా?" అంది సుబ్బరత్నమ్మ, తగ్గకుండా.

"మీ గజంబద్దకు ఎందుకుండాది?"

గల్లాపెట్టె పక్కన బట్ట కొలిచే ఇనుప గజంబద్ద ఉంది, చివర కుంకుమతో. ఆమె చూపు తిప్పుకుంది.

"అది మాకు అన్నం పెట్టేది నాయనా."

"ఇదీ అంతే. ఎక్కినప్పుడే అడిగింటే చెప్తాంటి గదా. ఊరంతా తిరిగి చెప్పను శానా ఓపికుండాది, నన్నొక మాట అడగను ల్యా."

"సరేలేప్పా, అందరికీ చెప్తాలే."

చెప్పాననే అంటుంది ఆమె. ఎవరికి చెప్పిందో మాత్రం ఎవరికీ తెలియదు. రాయి మళ్లీ డ్యాష్‌బోర్డు ఎక్కింది, కారు మాత్రం నిన్నటికీ స్టాండులోనే ఉంది.

అందుకే అడిగేది. ఆత్మకూరు పోయినప్పుడు కార్ల స్టాండులో ఆ తెల్ల కారు దగ్గర ఆగండి. రాయిని మీ కళ్లతో చూడండి, గాడిలో వేలు పెట్టి చూడండి. బాడుగ పని లేకపోయినా సరే, నాగసుబ్బయ్య ఎట్లా ఉన్నాడో ఒక మాట పలకరించి రండి.