తాళం మీద ఫ్లెక్సీ

యాకయ్య కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. మొహర్రం పండుగకు మా ఊరి పీరును ఎత్తేది కూడా ఆయనే. ఊళ్లో ముస్లింలది ఒక్కటే ఇల్లు, జానీమియాది. ఊదు వేసి ఫాతిహా చదివేది జానీమియా, పీరును భుజానికెత్తుకుని వీధులు తిప్పేది యాకయ్య. అంతకుముందు యాకయ్య వాళ్ల నాయిన తిప్పేవాడు. అన్నారం దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని యాకయ్యకు ఆ దర్గా స్వామి పేరే పెట్టారు. మా దిక్కు యాకయ్యలు, యాకమ్మలు లేని వాడ ఉండదు. దేవుళ్లకు హద్దురాళ్లు పాతే తీరిక మా ముసలివాళ్లకు లేకపోయింది. వాన పడాలి, పిల్లల జ్వరం తగ్గాలి. ఎవరు వింటారనిపిస్తే వాళ్లకు మొక్కారు.

ఈసారి మొహర్రంకు పీరును గద్దె మీద నిలబెట్టిన మర్నాడే పీర్లకొట్టం తలుపుకు తాళం పడింది. వేసింది యువజన సంఘం. దాని నాయకుడు సాకేత్, ధర్మమంతా సెల్‌ఫోన్‌లో నేర్చుకున్నవాడు.

"మనోళ్లు పీరు ఎత్తుడేంది తాతా? గిన్ని దినాలు తెల్వక ఎత్తిన్రు. ఇగ చాలు," అన్నాడు యాకయ్యతో.

అదే వారం మహబూబాబాద్ నుంచి ఒక ముస్లిం పెద్దమనిషి జానీమియా ఇంటికి వచ్చాడు. పీర్లను కొలవడమే తప్పు, వేరేవాళ్లతో ఎత్తించడం ఇంకా తప్పు అని చెప్పి పోయాడు. ఒకరి ముఖం ఒకరు చూడని ఈ రెండు వర్గాలకూ యాకయ్య భుజమే కంట్లో నలుసైంది. నాకు ఒళ్లు మండిపోయింది. దేనికీ కలవనివాళ్లు ఒక ముసలివాడి పండుగ ఆపడానికి మాత్రం కలిశారు.

పదో రోజు పీరు లేచి ఊరు తిరగకపోతే ఎట్లా అని యాకయ్యకు ముద్ద దిగలేదు. పని మానుకుని పోయి అధికారులకు మొరపెట్టుకున్నాడు. వాళ్లు వెంటనే కదిలారు, ఆ మాట ఒప్పుకోవాలి. పంచాయతీ ఆఫీసు ముందు శాంతి సభ పెట్టారు. చాయ్, బిస్కెట్లు తెప్పించారు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు సాకేత్‌తోనే స్వాగతోపన్యాసం చెప్పించారు. తర్వాత యాకయ్యనూ జానీమియానూ లేపి అలాయ్ బలాయ్ తీసుకోమన్నారు. చిన్నప్పుడు ఒకే బావిలో ఈత నేర్చుకున్న ఆ ఇద్దరూ ఫోటో కోసం కౌగిలించుకున్నారు.

"సార్, మరి తాళం తీపిస్తరా?" అని అడిగాడు యాకయ్య.

"ముందు ఊరు చల్లబడనీ పెద్దాయనా," అన్నాడు అధికారి, జీపెక్కుతూ.

ఊరు ఎప్పుడు వేడెక్కిందని? వేడంతా తాళం వేసినవాళ్లది. వాళ్లను అధికారులు పల్లెత్తు మాట అనలేదు.

పదో రోజు పొద్దున ముసురు పట్టింది. ఆడవాళ్లు పీరుకు పెట్టే తీపి మలీద గిన్నెలు, ఎండుకొబ్బరి కుడుకల దండలు పట్టుకుని వచ్చేసరికి కొట్టం తలుపుకు ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. యాకయ్య, జానీమియా కౌగిలించుకున్న ఫోటో. పైన 'మత సామరస్యానికి మన ఊరే ఆదర్శం' అని పెద్ద అక్షరాలు. కింద చేతులు జోడించిన సాకేత్. దాని వెనకాల తాళం అట్లాగే వేలాడుతోంది. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో చూడలేదు.

యాకయ్య తలుపు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేశాడు. చింపేస్తాడేమో అనుకున్నాను. చింపలేదు, తాళ్లు విప్పాడు.

"ఏం చేస్తవే యాకన్నా?" అన్నాడు జానీమియా.

"పెంకులు పలిగి కొట్టం కారుతంది భాయ్. లోపట పీరు తడుస్తంది. జర నిచ్చెన పట్టు."

జానీమియా నిచ్చెన పట్టాడు. యాకయ్య పైకెక్కి, పగిలిన పెంకుల మీద ఫ్లెక్సీని బొమ్మ కిందికి వచ్చేట్టు బోర్లా పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టాడు. అప్పటికి సాకేత్ పరుగున వచ్చాడు.

"తాతా, గట్లేస్తే బొమ్మ ఎవలకు కనవడ్తది?"

"లోపట ఉన్నాయినకు కనవడ్తది," అన్నాడు యాకయ్య పైనుంచే. "తాళం తీసి లోపటికి పో, నీకు గూడ కనవడ్తది."

సాకేత్ చెయ్యి తాళంచెవి ఉన్న జేబులోకి పోయింది గానీ బయటికి రాలేదు. ఆడవాళ్లు గిన్నెల మీద కొంగులు కప్పి, వానలోనే తలుపు ముందు కూర్చున్నారు. పొద్దు గూకుతున్నా ఎవరూ ఇంటికి పోలేదు.