నాలుగో బల్ల

రేడియోలు బాగుచేసే మావయ్యకి హోటల్లో మొదట చూపించిన బల్ల నచ్చిందంటే, ఆ రోజు సూర్యుడు పడమట పొడిచినట్టే. కూర్చుంటాడు, కళ్లు మూసుకుంటాడు, "ఊహూఁ, గాలి బాగాలేదు, లేవండి" అంటాడు. అత్తయ్య నోరెత్తకుండా సంచీ భుజాన వేసుకుని లేస్తుంది. టీకొట్టులోనూ ఇదే వరస. అమ్మానాన్నలు లేని మేనకోడల్ని పెంచింది వీళ్లే కాబట్టి, సగం తిన్న పళ్లెం పట్టుకుని బల్లలు మారడం ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ తప్పలేదు. తల ప్రాణం తోకకొచ్చేది.

అందుకే ఆ సాయంత్రం ముందే చేతులు జోడించింది.

"మావయ్యా, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్క పూటా కూర్చున్నచోటే కూర్చో. మనల్ని చూశాక గానీ ఆవిడ పెళ్లికి సరేననరట."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు మావయ్య.

ఆవిడంటే తను చేసుకోవాలనుకుంటున్న కుర్రాడి తల్లి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. కుర్రాడు ముచ్చటపడి, రేవు ఒడ్డునున్న ఫ్రెంచి హోటల్లో నీళ్లకి ఆనుకుని ఉన్న బల్ల చెప్పి ఉంచాడు. కింద అలలు దభీదభీమని గట్టుని కొడుతున్నాయి.

"ప్రయాణం బాగా జరిగిందాండీ?" అడిగింది మేనకోడలు.

"ఆఁ" అంది ఆవిడ.

"మీకు చేపలు ఇష్టమా, కూరగాయలా?"

"ఆఁ."

మేనకోడలు ఆశ వదులుకుంది. నచ్చలేదు, అంతే, అయిపోయింది. సరిగ్గా అప్పుడే మావయ్య కళ్లు మూశాడు.

"వద్దు మావయ్యా!"

"గాలి బాగాలేదు. లేవండి."

రెండో బల్ల వెనకాల ఒకాయన అకార్డియన్ వాయించడం అందుకున్నాడు. మూడోది వంటగది పక్కన, తలుపు తెరిస్తే చాలు, గిన్నెల మోత. వెయిటర్ ఉల్లిపాయ సూపు పట్టుకుని వెంటే తిరుగుతున్నాడు. పైన కరిగిన చీజు కాస్తా అట్టకట్టుకుపోయింది.

"అయ్యా, ఇది ఖాయమేనా?"

"ఆ మూలది ఒక్కటీ చూద్దాం నాయనా."

"నా పరువు తీస్తున్నావు మావయ్యా!"

"పరువెక్కడికీ పోదుగానీ, ఆ బ్రెడ్డు బుట్ట పట్రా."

మూలన, గోడ ఆవిడకి ఎడమ పక్కన వచ్చేలా కూర్చోబెట్టాడు. ఎదురుగా అత్తయ్యని. కళ్లు మూసి, తెరిచి, "ఇదీ గాలంటే!" అన్నాడు. ఆ మూలకి గాలన్నదే రాదు.

మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. "ఈయన మన పెళ్లిరోజున హాలు కూడా మార్పిస్తాడు చూడు" అంది కుర్రాడి చెవిలో.

ఫక్కున నవ్వు వినిపించింది. హెడ్‌మిస్ట్రెస్!

"మీకు... వినపడిందా అండీ?"

"ప్రతి ముక్కా! హోటల్లో ఇలా విని ఎన్నాళ్లయిందో. నా ఎడమ చెవి పనిచెయ్యదమ్మా. మావాడికి కూడా ఇప్పుడే తెలుస్తోంది." మావయ్య వైపు తిరిగింది. "మీకెలా తెలిసిందండీ?"

"నాకేం తెలుసమ్మా? ఏదో, గాలి..." అని నసిగాడు మావయ్య.

అత్తయ్య గోడ వైపున్న తన చెవి ముట్టుకుంది. "నాది కుడిదండీ. పెళ్లైన కొత్తలోనే పోయింది. అప్పట్నుంచే ఈయనకి ఈ గాలి పిచ్చి."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెబితే నువ్వు అరిచి మాట్లాడతావే" అంది అత్తయ్య.

హెడ్‌మిస్ట్రెస్ చల్లారిన సూపు ముందుకి లాక్కుంది. "అన్నయ్యగారూ, పెళ్లి భోజనాల దగ్గర బల్లలు మీరే వేయించాలి."

మేనకోడలు ఆనందంతో కుర్రాడి చెయ్యి పట్టుకునేలోపే మావయ్య లేచి నిలబడ్డాడు.

"దానికేం భాగ్యం చెల్లెమ్మా! ఓ నాలుగు హాళ్లు చూపించమనండి. గాలి చూసి చెబుతాను."