వీరమ్మ నడుం నొప్పి

రాజమండ్రిలో ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతుండగా సాయిదుర్గకు నడుం నొప్పి పట్టుకుంది. ఇరవై ఏళ్ల పిల్ల, మెట్లు దిగాలంటే గోడ ఆసరా కావలసి వచ్చేది.

ఎప్పుడు మొదలైందో ఆమెకు బాగా గుర్తు. కాలేజీ ఆసుపత్రికి వీరమ్మ అనే పెద్దావిడ వచ్చేది. మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున ఊరు. నలభై ఏళ్లు నెత్తిన చేపల గంప మోసి ఊరూరా అమ్మిన మనిషి. వైద్యం కోసం రాజమండ్రిలో కూతురింట్లో ఉంటోంది. పేషెంట్లు పడుకునే బల్ల మోకాలెత్తు కూడా లేదు. సాయిదుర్గ దాని మీదికి వంగి పదిరోజులు ఆమె నడుం నొక్కింది. పదకొండో రోజు వీరమ్మ బల్ల దిగి నిటారుగా నిలబడింది. ముఖంలో సంతోషం లేదు. సాయిదుర్గ చేతుల వంక చూసి, ఏదో అనబోయి ఆగి, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సాయిదుర్గకు నొప్పి అందుకుంది. వెన్నుకు ఎడమపక్క, బొటనవేలంత మేర. పదిరోజులూ వీరమ్మకు తను నొక్కిన చోటే.

పాఠాలు చెప్పే ప్రసన్నకుమార్ గారు కంగారు పడవద్దన్నారు. క్లాసులో సగంమందికి ఉన్నదేననీ, పొట్టి బల్లల మీద గంటలకొద్దీ వంగితే ఎవరి నడుమైనా పట్టేస్తుందనీ చెప్పి, బల్లల కాళ్ల కింద ఇటుకలు పెట్టించారు. చేయవలసిన వ్యాయామాలు చూపించారు. ఆమె కుదుటపడింది.

అంతలో హాస్టల్లో తన గదిలోనే ఉండే ఉషారాణి ఫోన్ తెచ్చింది. నడక తేడా చూపిద్దామని కాలేజీ దారిలో వెనకనుంచి వీడియో తీసింది. అందులో సాయిదుర్గ మెడ బిగబట్టి నడుస్తోంది. కుడిచెయ్యి నెత్తి మీదికి లేచి, బరువేదో జారిపోకుండా పట్టుకున్నట్టుంది.

"ఏంటే ఆ చెయ్యి?" అంది ఉషారాణి.

చెయ్యి లేచిన సంగతే సాయిదుర్గకు తెలియదు. వరి పండించే ఇంట్లో పుట్టింది. ఏనాడూ గంప ఎత్తి ఎరగదు.

వీరమ్మ సొంతూరికి తిరిగి వెళ్లిపోయిందని తెలిసి, ఆదివారం బస్సెక్కి అక్కడికి వెళ్లింది. ఇసుకలో చేపలు ఎండబెడుతున్న వీరమ్మ, ఈమె నోరు విప్పకముందే అడిగింది.

"నీకొచ్చిందామ్మా?"

సాయిదుర్గ తలూపింది.

"మా అత్త నడుం నొక్కిన ఏడు నాకొచ్చింది. అప్పట్నుంచీ కన్నకూతుర్ని కూడా ముట్టుకోనివ్వలేదు. ఆసుపత్రంటే వేరనుకున్నానమ్మా. నీకిద్దామని రాలేదు, ఒట్టు."

తిరిగొచ్చాక సాయిదుర్గ రోజూ తలుపేసుకుని వ్యాయామాలు చేసింది. నడుం నొక్కుతానని ఉషారాణి ఎన్నిసార్లడిగినా వద్దంది. నొక్కినవాళ్లకు నొప్పి అంటుతుందనేది వట్టి మాటేనని ఆమె చదివిన చదువు చెబుతూనే ఉంది. అయినా ప్రాక్టికల్స్‌లో తను బల్లమీద పడుకోవలసిన వంతు వచ్చినప్పుడు, ఇంకా నొప్పుందండీ అని ప్రసన్నకుమార్ గారికి చెప్పి తప్పుకుంది.

నాలుగో నెలకు నొప్పి కొంచెం కొంచెంగా తగ్గి, పూర్తిగా పోయింది. నొప్పి లేకుండా లేచిన పొద్దున క్లాసులో అడుగుపెట్టి అందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఎవరి చెయ్యీ నెత్తి మీదికి లేవడం లేదు. నొప్పి ఎవరి జోలికీ పోయినట్టు లేదు. అప్పుడు కూర్చుంది.