వెలుతురుతో ఊయల ఆపడం

హిందూపురం కాలేజీలో ఎమ్మెస్సీ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం నేను ఎంచుకున్న అంశాన్ని బోర్డు మీద రాశాను: ‘కాంతితో కంపనాలను అణచడం’. చాలా పలుచని పొర ఒకటి ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. దాని మీదికి సరైన రంగు లేజరు కాంతిని పంపితే వణుకు తగ్గుతూ, అంటే అది చల్లబడుతూ పోయి, క్వాంటం నియమాలు ఒప్పుకునే చివరి హద్దు దగ్గర నిలుస్తుంది. నెలల తరబడి దాని గురించే చదివాను. ప్రాజెక్టులు చూసే సారు సరేనంటేనే అది నాకు దక్కుతుంది.

“వెలుతురు పడితే చల్లబడేదేందమ్మా? అట్లయితే ఎండాకాలం పెనుకొండ కొండ మీద మంచు పడల్ల గదా” అన్నాడు సారు.

వెనక బెంచీ నుంచి ఒకడు, “సార్, ఫ్యాను తిరగడంల్యా. ట్యూబ్‌లైటన్నా వేయండి, చల్లగుంటాది” అన్నాడు. అందరూ నవ్వారు. సారు కూడా. ధర్మవరం నుంచి రైల్లో వచ్చిపోయే నాలాంటి నేతవాళ్ల పిల్లకు సోలార్ ప్యానెళ్ల ప్రాజెక్టు చాలని ఆయన ముందే తేల్చేశాడు.

నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో అమ్మ మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే తమ్ముడి ఊయల తాడు లాగేది. వాడు నిద్రపోయాక, లేవకుండానే ఊయల ఆపేది. అది తన వైపు వస్తుంటే తాడు వదులు చేసేది, దూరంగా పోతుంటే బిగబట్టేది.

టిఫిన్ సంచిని బోర్డు పైనున్న మేకుకు తగిలించి, చార్జరు వైరు కట్టి ఊపాను. కంగారులో అది నా వైపు వచ్చేటప్పుడే లాగాను. ఊపు పెరిగి గిన్నె బోర్డుకు తగిలింది.

“చల్లబడిందామ్మా?”

“లాగే అదను తప్పినట్టే, లేజరు రంగు తప్పితే వణుకు ఇట్లే పెరుగుతాది సార్.”

మళ్లీ ఊపాను. ఈసారి అమ్మలాగే బిగబట్టాను. సంచి నిలిచింది.

“ఇది ఊయల. ఇందులో క్వాంటం యాడుండాది?”

అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఇంకా మండింది.

“ఇందులో లేదు సార్. లెక్కల్లో ఉండాది. చేసి చూపిస్తా.”

ఆయన లేచి వచ్చి నా అక్షరాలు తుడిచేసి, డస్టర్ బల్ల మీద పడేశాడు. “సోలార్ అని రాయి.”

డస్టర్ ఎడమ చేతిలోకి తీసుకుని, అదే పేరు మళ్లీ రాశాను. ఆయన డస్టర్ కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు.

“చేసుకోపో. ఫెయిలైతే నా దగ్గరికి రావద్దు.”

“రాను సార్” అన్నాను.